ఆల్ వీల్ డ్రైవ్ కారులో ఒక్క టైరు పోతే నాలుగూ మార్చాలా? ముందు గాడి లోతు కొలవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2021 సుబారు అవుట్‌బ్యాక్, 17 అంగుళాల రిమ్ములు, 28 వేల మైళ్ళు తిరిగింది, టైర్లు కారుతో వచ్చినవే. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో రోడ్డు అంచు సిమెంటు గట్టుకి రాసుకుని వెనక కుడి టైరు పక్కగోడ కోసుకుపోయింది. షాపువాళ్ళు నాలుగూ మార్చాల్సిందే అని 880 డాలర్లు చెప్పారు. మీ రూమ్మేటేమో "మా నాన్న ఎప్పుడూ ఒక్కటే మార్పించేవాడు, వీళ్ళు దోచుకుంటున్నారు" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. ముందు ఐదు డాలర్లు పెట్టి టైరు గాడి లోతు కొలిచే ట్రెడ్ గేజ్ ఒకటి కొనండి. మిగతా మూడు టైర్లలో గాడి లోతు ఎంత మిగిలిందో తెలియకుండా ఒకటి చాలనడమూ తప్పే, నాలుగూ కావాలనడమూ తప్పే. మీరు రాసినదాన్లో నాకు కనపడనిది ఆ అంకె ఒక్కటే. షాపువాళ్ళు "బాగా అరిగాయి" అన్నారట గానీ ఎంత అరిగాయో చెప్పలేదట. కాగితం మీద రాసిమ్మని అడగాల్సింది.

మాది విజయవాడ ఆటోనగర్. నాన్నకి లారీ టైర్లకి రబ్బర్ ఎక్కించే షాపు ఉండేది. నేను పదహారేళ్ళుగా న్యూజెర్సీలో ఉంటూ సుబారులే నడుపుతున్నాను, నడపడంకన్నా వాటి కింద పడుకుని చేసిన పనే ఎక్కువ. ఈ విషయం నాకు మొదట అర్థమైంది మాత్రం అమెరికాలో కాదు, ఆటోనగర్‌లోనే.

లారీకి వెనక ఒక్కో పక్క రెండేసి టైర్లు అతుక్కున్నట్టు ఉంటాయి కదా. వాటిలో ఒకటి పోతే నాన్న కొత్త టైరు తెచ్చి ఊరికే బిగించేవాడు కాదు. జోడీ రెండింటి మీదా అడ్డంగా ఒక ఇనప కడ్డీ పెట్టి, దాని కింద సందు ఎంతుందో వంగి చూసేవాడు. సందు కనపడితే ఆ జోడీ కుదరదు అనేవాడు. ఎందుకంటే ఆ రెండూ ఒకే హబ్బుకి బిగించినవి, వేరువేరుగా తిరగలేవు. పెద్దది బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. రెండూ వేడెక్కుతాయి. నెల్లూరు దాటకముందే ఏదో ఒకటి పేలుతుంది.

మీ కారులో నాలుగు చక్రాలూ ఒకదానికొకటి అంత గట్టిగా కట్టేసి లేవు. కానీ పూర్తిగా విడిగానూ లేవు. ముందు రెండు చక్రాల మధ్య ఒక డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె, వెనక రెంటి మధ్య ఇంకొకటి. ముందుకీ వెనక్కీ మధ్య, మీ సీవీటీ (ఆటోమేటిక్) గేర్‌బాక్స్ తోక భాగంలో, నూనెలో మునిగి ఉండే పల్చటి ప్లేట్ల క్లచ్ ఒకటి. వెనక చక్రాలకి ఎంత శక్తి పంపాలో కంప్యూటర్ ఆ ప్లేట్లని నొక్కీ వదిలీ తేల్చుతుంది. మలుపు తిరిగేటప్పుడు నాలుగు చక్రాలూ నాలుగు వేర్వేరు దూరాలు నడుస్తాయి, ఆ తేడాని ఈ మూడూ సర్దుకుంటాయి. అందుకే వాటిని పెట్టారు. కాకపోతే ఆ పని కొన్ని సెకన్లదే అన్న లెక్కతో. ఒక టైరు మిగతావాటికన్నా పెద్దదైతే, తిన్నటి రోడ్డు మీద కూడా కారు ఎప్పుడూ మలుపులోనే ఉన్నట్టు లెక్క.

ఎంత తేడా అంటే, మీది 225/65 ఆర్17 సైజు అయితే టైరు చుట్టుకొలత సుమారు 89.6 అంగుళాలు. అమెరికాలో గాడి లోతుని అంగుళంలో 32వ వంతుల్లో చెప్తారు. కొత్త టైరు సాధారణంగా 10/32 ఉంటుంది. 1/32 అరిగితే వ్యాసం 2/32 తగ్గుతుంది, చుట్టుకొలత దాదాపు 0.2 అంగుళం తగ్గుతుంది. సుబారు పెట్టిన హద్దు ఏమిటంటే నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం దాటకూడదు. గాడి లోతులో చూస్తే అది 1/32 కన్నా కొంచెం ఎక్కువ. టైరు షాపులవాళ్ళు వాడుకలో 2/32 దాకా ఒప్పుకుంటారు. నేనూ అక్కడిదాకా ఒప్పుకుంటాను, ఆపైన ఒప్పుకోను.

మీ పాత టైర్లు 7/32 ఉండి, కొత్తది 10/32 వేశారనుకోండి. చుట్టుకొలతలో తేడా 0.6 అంగుళం. వినడానికి ఏమీ లేదు. కానీ మైలుకి ఈ టైరు సుమారు 700 చుట్లు తిరుగుతుంది, అందులో నాలుగున్నర చుట్ల తేడా వస్తుంది. డాలస్ నుంచి హ్యూస్టన్ 240 మైళ్ళు వెళ్ళేసరికి కొత్త టైరు దాని జోడీకన్నా వెయ్యికి పైగా చుట్లు తక్కువ తిరుగుతుంది. అంతసేపూ ఆ వెనక డిఫరెన్షియల్‌లోని చిన్న గేర్లు తిరుగుతూనే ఉంటాయి, మధ్యలో క్లచ్ ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయి.

ఇంత తెలిసీ నేను ఆ తప్పు చేశాను. 2012లో నా దగ్గర 2006 సుబారు ఫారెస్టర్ ఉండేది, లక్షా పది వేల మైళ్ళు తిరిగిన సెకండ్ హ్యాండ్ బండి. ముందు ఎడమ టైరు భుజం దగ్గర, అంటే పక్కగోడ మొదలయ్యే అంచులో, ఏదో ఇనప ముక్క దిగింది. మిగతా మూడూ 4/32 దగ్గరున్నాయి. ఇంటి దగ్గర షాపులో చవగ్గా దొరికిన వేరే కంపెనీ కొత్త టైరు ఒక్కటి వేయించుకుని, మూడొందల డాలర్లు మిగిలాయని సంబరపడ్డాను. లారీ జోడీలకి ఉండే బాధ కారుకి ఉండదులే అనుకున్నాను.

ఐదు నెలల తర్వాత ఎడిసన్‌లో ఒక ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లోంచి స్టీరింగ్ మొత్తం తిప్పి వెనక్కి తీస్తుంటే, ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు కారు ఆగి ఆగి గెంతుతూ కదిలింది. మా ఆవిడ "హ్యాండ్‌బ్రేక్ తీశారా?" అంది. తీశాను. చల్లటి ఇంజన్ మీద బాగానే ఉండేది, అరగంట నడిచాక చిన్న మలుపుల్లో ఇలా పట్టేసేది. ఆ రోజుల్లో సుబారు ఆటోమేటిక్ కార్లకి బానెట్ కింద ఒక ఖాళీ ఫ్యూజ్ గూడు ఉండేది, అందులో ఫ్యూజ్ పెడితే క్లచ్ వదిలేసి కారు ముందు చక్రాలతోనే నడుస్తుంది. ఫ్యూజ్ పెట్టి చూశాను. అయినా పట్టు వదల్లేదు. గేర్‌బాక్స్ తోక విప్పితే ప్లేట్లు నల్లగా మాడి ఉన్నాయి. మొత్తం 1,100 డాలర్లు అయింది. నూటికి నూరు పాళ్ళూ ఆ టైరే కారణమని ఒట్టేసి చెప్పలేను, గేర్‌బాక్స్ నూనె కూడా ఎన్నాళ్ళుగా మార్చారో తెలియని బండి అది. కానీ మూడొందలు మిగిల్చిన ఆ టైరు వైపు ఆ తర్వాత చూడబుద్ధి కాలేదు.

ఇక కొలవడం సంగతి. గేజ్ సూదిని టైరు మధ్య గాడిలో ఒకసారి, లోపలి అంచు గాడిలో ఒకసారి, బయటి అంచు గాడిలో ఒకసారి పెట్టండి. గాడి అడుగున అక్కడక్కడా అడ్డంగా ఒక చిన్న గట్టు ఉంటుంది, అరుగుదల తెలియడానికి కంపెనీవాళ్ళు పెట్టింది. సూది దాని మీద ఆనితే లెక్క తప్పుతుంది, పక్కకి జరపండి. ఒక్కో టైరుకి మూడు నాలుగు చోట్ల చూసి రాసుకోండి. గాడిలో నాణేన్ని తలకిందులుగా పెట్టి చూస్తే పెన్నీ మీది బొమ్మ తల మొత్తం కనపడితే 2/32, క్వార్టర్ మీది బొమ్మ తల అంచుకి వస్తే 4/32 అనే లెక్కలు టైరు అరిగిపోయిందా లేదా తెలుసుకోవడానికి బాగుంటాయి. ఇక్కడ మనకి కావాల్సింది 7కీ 6కీ తేడా. అది నాణెంతో తేలదు.

లోపలి అంచు 4, బయటి అంచు 7 అలా వస్తే అది టైరు గొడవ కాదు, అలైన్‌మెంట్ గొడవ, అంటే చక్రాలు సరైన కోణంలో లేవన్నమాట. ఏమైనా మీరు గట్టుకి గుద్దారు కాబట్టి, కొత్త టైరు ఎక్కించేముందు రిమ్ము వంగిందేమో చూడమని, తర్వాత అలైన్‌మెంట్ చూడమని చెప్పండి. ఇది మానేస్తే కొత్త టైరు కూడా ఆరు నెలల్లో ఒక పక్క గుండైపోతుంది.

మూడు టైర్ల అంకెలూ వచ్చాక దారి దానంతటదే తేలుతుంది.

అన్నీ 9/32 ఆపైన ఉంటే అదే కంపెనీ, అదే మోడల్, అదే సైజు టైరు ఒక్కటి తెచ్చి వేయించేయండి, నిశ్చింతగా నడపండి. 28 వేల మైళ్ళకి అంత మిగలడం నాకైతే నమ్మశక్యంగా లేదు.

అన్నీ 5/32 లేదా అంతకన్నా తక్కువ ఉంటే షాపువాళ్ళు చెప్పిందే రైటు, నాలుగూ మార్చండి. మీ దగ్గర వానలు పడితే ఎలా పడతాయో మీకు తెలుసు. 4/32 దగ్గరికి వచ్చిన టైరు తడి రోడ్డు మీద నీళ్ళని సరిగ్గా తోసెయ్యలేదు. చట్టం 2/32 దాకా నడపనిస్తుంది గానీ అంతవరకు ఆగడం తెలివైన పని కాదు. ఎలాగూ ఏడాదిలో మార్చాల్సిన మూడు టైర్ల కోసం తంటాలు పడటం దండగ. 880 మీద కొంచెం బేరమాడండి, ఇంకో రెండు చోట్ల అడగండి, అంతే.

మీ అంకెలు ఈ రెండింటి మధ్యలో, 6 నుంచి 8 దగ్గర ఉంటేనే అసలు ఆలోచించాల్సింది. అప్పుడు కొత్త టైరుని చెక్కించడం అనే పని ఒకటుంది. షేవింగ్ అంటారు. టైర్ ర్యాక్ లాంటి ఆన్‌లైన్ షాపువాళ్ళు ఆర్డర్ ఇచ్చేటప్పుడే చేసి పంపుతారు. ఎంత లోతు ఉండాలో మీరు చెప్తే, టైరుని మిషన్ మీద తిప్పుతూ కత్తితో పైనుంచి రబ్బరు పొర తీస్తారు. రేసులవాళ్ళు చాలాకాలంగా చేయించుకునే పనే. పోయినసారి నేను 30 డాలర్లు ఇచ్చాను. 10/32 టైరు 7/32 అయి ఇంటికొచ్చింది, మీద సన్నటి చారలు తప్ప చూడటానికి కొత్తదే.

ఈ సంగతి ఫోన్‌లో నాన్నకి చెప్తే కాసేపు మాట్లాడలేదు. "కొత్త టైరుకి డబ్బులిచ్చి, దాన్ని అరగదీయడానికి మళ్ళీ డబ్బులిచ్చావా? మతి పోయిందట్రా నీకు?" అన్నాడు. ఆయన షాపులో రోజూ జరిగేది అదే పని. పాత టైరుని బఫింగ్ మిషన్ మీద తిప్పి, రబ్బరు పొట్టు లేస్తుంటే సమంగా గీరి, ఆ మీద కొత్త రబ్బరు అంటించేవాళ్ళు. కొత్తదాన్ని గీరించడమే ఆయనకి మింగుడు పడలేదు. "నాన్నా, ఇక్కడ నాలుగు చక్రాలూ ఒకే జోడీ అనుకో" అన్నాను. "ఓహో, కడ్డీ పెట్టి చూసుకున్నావా మరి?" అని అడిగాడు.

కడ్డీ పెట్టకపోయినా చుట్టుకొలత మాత్రం కొలుచుకోవచ్చు. టైరు మీదా, దాని కింద నేల మీదా సుద్దముక్కతో గీత గీసి, ఇంటి ముందు చదును జాగాలో కారుని తిన్నగా నెమ్మదిగా నడిపించి, ఆ గీత ఐదోసారి నేలని తాకిన చోట ఇంకో గుర్తు పెట్టండి. మధ్య దూరాన్ని ఐదుతో భాగించండి. నాలుగు టైర్లలోనూ గాలి ఒకేలా కొట్టించాకే ఇది చేయాలి, గాలి తక్కువైతే టైరు చిన్నదైపోతుంది.

టైరుని ఎంతకి చెక్కించాలనేదానికి ముఖ్యంగా చూడాల్సింది దాని జోడీని. మీకు పోయింది వెనక కుడిది కాబట్టి వెనక ఎడమ టైరు అంకె ఎంతో కొత్తది అంతకి దిగాలి. అది 7, ముందువి రెండూ 6 అయితే 7కే చెక్కించండి, తర్వాత ఆరు వేల మైళ్ళకోసారి టైర్లు ముందుకీ వెనక్కీ మార్పిస్తుంటే సర్దుకుంటుంది.

చెక్కించడం ఇష్టం లేకపోతే పాత టైరు వెతకండి. అదే మోడల్, అదే లోతు ఉన్న టైరు యాభై అరవై డాలర్లకి ఒక్కోసారి దొరుకుతుంది. పక్కగోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 2320 అంటే 2020లో 23వ వారం తయారైందని. ఆరేళ్ళు దాటింది వద్దు. లోపల ఎన్ని ప్యాచ్‌లు ఉన్నాయో రిమ్ముకి ఎక్కించకముందే తిప్పి చూడండి.

అదే మోడల్ అని ఇన్నిసార్లు ఎందుకంటున్నానంటే, పక్కగోడ మీద ఒకే సైజు రాసి ఉన్న రెండు కంపెనీల టైర్లు నిజంగా కొలిస్తే ఒకే చుట్టుకొలత ఉండవు. మైలుకి ఎన్ని చుట్లు అనేది కంపెనీవాళ్ళే వివరాల పట్టికలో వేస్తారు, పోల్చి చూసుకోండి. గాడి లోతు సమానంగా ఉండి కూడా టైరు పెద్దదయ్యే వీలుంది. నా ఫారెస్టర్ విషయంలో లోతు తేడా, కంపెనీ తేడా రెండూ కలిశాయి.

ఒక వల ఉంది, చాలామంది అందులో పడతారు. "నాలుగు వద్దు, ఒకటీ వద్దు, మధ్యేమార్గంగా వెనక రెండూ మార్చేద్దాం" అంటారు. ముందు చక్రాలతో నడిచే మామూలు కారుకి అది మంచి సలహానే. మీ కారుకి కాదు. ఒక్క టైరు తేడా అయితే ఆ వెనక డిఫరెన్షియల్ దాన్ని సగం చేసి మధ్య క్లచ్‌కి పంపుతుంది. వెనక రెండూ పెద్దవైతే తేడా మొత్తం నేరుగా క్లచ్ మీద పడుతుంది. అంటే డబ్బు రెట్టింపు పెట్టి, పాడవకూడని ఖరీదైన భాగానికే రెట్టింపు బాధ పెట్టినట్టు. ముందు వెనకల మధ్య 2/32 లోపల ఉంటే పర్లేదు, లేకపోతే జత మార్చకండి.

మీ రూమ్మేట్ వాళ్ళ నాన్నగారు చేసింది తప్పు కాదు. ఇండియాలో మన కార్లు ఎక్కువ భాగం ముందు చక్రాలతో నడిచేవే, వాటికి ఈ మధ్య క్లచ్ గొడవే లేదు. థార్, జిమ్నీ లాంటివి కూడా మామూలు రోడ్డు మీద రెండు చక్రాలతోనే నడుస్తాయి, తేడా టైర్లతో పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వేయనంతవరకు ఇబ్బంది లేదు. ఎక్స్‌యూవీ 700 ఆల్ వీల్ డ్రైవ్ తీసుకున్నవాళ్ళు మాత్రం ఇదంతా పట్టించుకోవాలి. ఇక్కడ అమెరికాలో క్వాట్రో అనే ఆడి ఆల్ వీల్ డ్రైవ్ కార్లకి 4/32 దాకా వెసులుబాటు ఉంది. టెస్లా రెండు మోటార్ల కార్లు, టయోటా రావ్4 హైబ్రిడ్ లాంటివాటిలో ముందు వెనకల మధ్య షాఫ్టే ఉండదు, వెనక చక్రాలకి విడిగా మోటారు ఉంటుంది. వాటికి ఒకే ఇరుసు మీది రెండూ సమానంగా ఉంటే సరిపోతుంది. రావ్4 హైబ్రిడ్ ఉన్న స్నేహితుడెవరైనా "నేను రెండే మార్చాను, ఏమీ కాలేదు" అంటే అది నిజమే, మీకు పనికిరాని నిజం.

షాపువాళ్ళ గురించి ఒక మాట. నాలుగూ మార్చమన్నంత మాత్రాన దొంగలనుకోకండి. రేపు క్లచ్ పోతే మీరు వాళ్ళ మీదికే వెళ్తారని వాళ్ళ భయం, అందుకే చాలా షాపుల్లో ఆల్ వీల్ డ్రైవ్‌కి ఒక్క టైరు మాత్రమే వెయ్యం అని ఖచ్చితంగా చెప్తారు. అయితే అంకె అడిగినా చెప్పకుండా, గేజ్ బయటికి తీయకుండా నాలుగు అంటే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి. చెక్కించిన టైరు మీరే తీసుకెళ్ళి, జోడీతో సమానంగా ఉందని గేజ్ పెట్టి చూపిస్తే బిగించడానికి ఒప్పుకునే షాపు దొరుకుతుంది.

డబ్బులు తీసేముందు ఇంట్లో కారు కొన్నప్పటి ఫైలు ఒకసారి తిరగేయండి. ఫైనాన్స్ గదిలో కూర్చోబెట్టి సంతకాలు పెట్టించేటప్పుడు టైర్లు, రిమ్ముల ప్లాన్ అని ఒకటి అంటగడతారు, చాలామందికి తాము కొన్నట్టే గుర్తుండదు. అది ఉంటే గట్టు దెబ్బ అందులోకి వస్తుందేమో చదివి చూడండి. ఈసారి నాలుగూ కొనాల్సి వస్తే రోడ్డు దెబ్బల వారంటీ ఉన్నచోటే కొనండి. కాస్ట్‌కోలో టైర్లతోపాటే వస్తుంది, డిస్కౌంట్ టైర్ అనే షాపులో విడిగా కొనుక్కోవాలి.

పక్కగోడ కోతకి ప్యాచ్ వేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి. నేలకి ఆనే భాగంలో, పావు అంగుళం లోపు చిల్లు అయితేనే లోపల నుంచి ప్యాచ్ వేయగలరు. మీది ఆ లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఆ సన్నటి స్టెప్నీ మీద నడుపుతున్నారని రాశారు. అదీ సైజు తేడా టైరే, 50 మైళ్ళ వేగం దాటకండి, ఆఫీసుకి రూమ్మేట్ కారులో వెళ్ళండి. ఈ రాత్రి గేజ్ పెట్టి మిగతా మూడింటి అంకెలూ, ఏ కంపెనీ ఏ మోడలో ఇక్కడ రాయండి. వెనక ఎడమదాని అంకె ముందు రాయండి, చెక్కించాలో నాలుగూ కొనాలో దాన్ని చూసి చెప్తాను.